నల్గొండ, పాలమూరు పల్లెల్లో భూమి – బతుకు: నీరు, బాట, కాగితం

నల్గొండ, మహబూబ్‌నగర్ (పాలమూరు) పల్లెల్లో ఎకరం బేరానికి వచ్చిందంటే కొనేవాడు ముందు మూడు సంగతులు ఆరా తీస్తాడు. నీళ్లున్నాయా, బాట ఉందా, కాగితం సాఫ్‌గా ఉందా అని. నీళ్లొస్తే ధర పెరుగుతుంది. రోడ్డు పడితే ఇంకా పెరుగుతుంది. పెరిగిన ఆ విలువ ఎవరి ఇంటికి చేరుతుందో మాత్రం కాగితమే తేలుస్తుంది. అందుకే ఈ మూడింటిలో కాగితానికే ఇక్కడ ఎక్కువ చోటు ఇస్తున్నాను.

గ్రూప్స్ పరీక్షల సిలబస్‌లో భూసంస్కరణలు, సాగునీరు, వలసలు, గ్రామీణ పథకాలు వేర్వేరు అధ్యాయాల్లో ఉంటాయి. ఊళ్లో అవన్నీ ఒకే సర్వే నంబరు మీద కలుస్తాయి. విడివిడిగా చదివిన అభ్యర్థి బిట్లు పెట్టగలడు గానీ మెయిన్స్‌లో విశ్లేషణ అడిగితే తడబడతాడు.

ప్రాంతం: ముందు పటం చూసుకోవాలి

2016 అక్టోబరు 11న జరిగిన పునర్వ్యవస్థీకరణలో పాత నల్గొండ జిల్లా నల్గొండ, సూర్యాపేట, యాదాద్రి భువనగిరిగా విడిపోయింది. పాత మహబూబ్‌నగర్ నుంచి నాగర్‌కర్నూల్, వనపర్తి, జోగులాంబ గద్వాల ఏర్పడ్డాయి. 2019 ఫిబ్రవరి 17న నారాయణపేట జిల్లా వచ్చింది. షాద్‌నగర్ వంటి ప్రాంతాలు రంగారెడ్డిలో కలిశాయి. పాత లెక్కలను కొత్త జిల్లాలకు అంటగట్టి రాస్తే మార్కులు పోతాయి, జాగ్రత్త.

2011 జనగణన ప్రకారం పాత మహబూబ్‌నగర్ జనాభా 40.53 లక్షలు, పాత నల్గొండ జనాభా 34.88 లక్షలు. మహబూబ్‌నగర్‌లో పట్టణ జనాభా సుమారు 15 శాతమే. అక్షరాస్యత 55 శాతం దగ్గర ఆగింది. కృష్ణా, తుంగభద్ర పక్కనే పారుతున్నా ఎత్తున ఉన్న భూములకు నీళ్లు ఎక్కవు. ఎక్కువగా ఎర్ర చెలక నేలలు, కింద గ్రానైటు రాయి. వాన పడితే ఇంకేది తక్కువ, కొట్టుకుపోయేది ఎక్కువ. అందుకే పెద్దలు వాగులకు అడ్డంగా కట్టలు వేసి కుంటలు, చెరువులు తవ్వుకున్నారు. ఆ చెరువులకు పూడిక తీసే మిషన్ కాకతీయ 2015 మార్చి 12న మొదలైంది.

భూమి ఎవరిది: దేశ్‌ముఖ్‌ల నుంచి పట్టాదారు దాకా

నిజాం పాలనలో ఈ ప్రాంతపు భూమి ఖాల్సా, జాగీరు, సర్ఫేఖాస్‌గా చీలి ఉండేది. పాలమూరు వైపు గద్వాల, వనపర్తి వంటి సంస్థానాలు ఉండేవి. నల్గొండలో దేశ్‌ముఖ్‌ల పెత్తనం. అప్పటి నల్గొండ జిల్లాలోనే ఉన్న జనగామ తాలూకాలో విసునూరు దేశ్‌ముఖ్ రామచంద్రారెడ్డి చేతిలో 40 వేల ఎకరాలు ఉండేవని ఉద్యమ చరిత్రలు చెబుతాయి. వెట్టిచాకిరీ, నాగులు (ధాన్యపు వడ్డీ అప్పులు), బలవంతపు లెవీ ధాన్యం భరించలేక జనం సంఘం కట్టారు. 1946 జులై 4న కడవెండిలో దొడ్డి కొమరయ్య నేలకొరిగాడు. పాలకుర్తిలో చాకలి ఐలమ్మ తన పంటను గుండాల చేతికి పోనివ్వకుండా నిలబడింది. తాను సాగుచేసిన చేను తనదే అనిపించుకోవడానికి ఒక పేద స్త్రీ అంత పెద్ద శక్తిని ఎదిరించాల్సి వచ్చిందంటే, అప్పట్లో సాగుకూ హక్కుకూ మధ్య ఎంత దూరం ఉండేదో అర్థమవుతుంది. సాయుధ పోరాటాన్ని 1951 అక్టోబరు 21న విరమించారు. మరుసటి ఎన్నికల్లో నల్గొండ నుంచి పోటీచేసిన రావి నారాయణరెడ్డికి జవహర్‌లాల్ నెహ్రూను మించిన మెజారిటీ వచ్చింది.

చట్టాలు ఆ పోరాటం వెనకే వచ్చాయి. 1949 ఆగస్టులో జాగీర్ల రద్దు జరిగింది. 1950లో హైదరాబాద్ కౌలుదారీ, వ్యవసాయ భూముల చట్టం రక్షిత కౌలుదారులకు హక్కులిచ్చింది. వారికి యాజమాన్య హక్కును బదిలీచేసే 38-ఇ సెక్షన్ తర్వాతి సవరణతో చేరింది. 38-ఇ ధ్రువపత్రం అనే మాట నేటికీ తహసీల్ ఆఫీసుల్లో, కోర్టుల్లో వినిపిస్తూనే ఉంటుంది. 1955లో ఇనాముల రద్దు చట్టం వచ్చింది. 1973 భూపరిమితి చట్టం అయిదుగురున్న కుటుంబానికి తరి (మాగాణి) భూమిలో 10 నుంచి 27 ఎకరాలు, ఖుష్కీ (మెట్ట) భూమిలో 35 నుంచి 54 ఎకరాలు గరిష్ఠంగా ఖరారు చేసింది. నేల తరగతిని బట్టి ఈ అంకె మారుతుంది. అది 1975 జనవరి 1 నుంచి అమల్లోకి వచ్చింది. చట్టం వస్తోందని ముందే తెలిసిన పెద్ద భూస్వాములు బంధువుల పేర్ల మీదికి, పాలేర్ల పేర్ల మీదికి భూములు మార్చుకున్నారు. మిగులు భూమి ఆశించినంత తేలకపోవడానికి ముఖ్య కారణం అదే.

ఈ వరుసలో పోచంపల్లి వేరే దారి చూపింది. 1951 ఏప్రిల్ 18న వినోబా భావే అక్కడికి వచ్చినప్పుడు దళిత కుటుంబాలు 80 ఎకరాలు అడిగాయి. వెదిరె రామచంద్రారెడ్డి 100 ఎకరాలు ఇస్తానని లేచి నిలబడ్డారు. దేశవ్యాప్త భూదానోద్యమానికి అదే నాంది. ఇచ్చిన మనసు గొప్పది, సందేహం లేదు. అయితే తర్వాత చాలాచోట్ల భూదాన భూములు పేదల పేరిట పక్కాగా నమోదు కాలేదు. కొన్ని చేతులు మారాయి, కొన్ని వ్యాజ్యాల్లో పడ్డాయి. దానపత్రం నుంచి పట్టా దాకా నడవాల్సిన దారి మధ్యలోనే తెగిపోయింది.

ఇన్ని మలుపుల తర్వాత మిగిలింది చిన్న కమతాలు. 2015–16 వ్యవసాయ గణన ప్రకారం తెలంగాణలో సగటు కమతం ఒక హెక్టారు, అంటే రెండున్నర ఎకరాల లోపే. సన్న, చిన్నకారు కమతాలు కలిపితే 88 శాతం. 40 గుంటలు ఒక ఎకరం, గుంటకు 121 చదరపు గజాలు. అన్నదమ్ములు పంచుకుంటే గుంటల్లోకి వచ్చే ఆస్తి ఇది. గెట్టు పంచాయితీలు అంత తీవ్రంగా ఉండటానికి కారణం కూడా ఇదే.

నీళ్లు: కాలువ కింద ఊరు, కాలువ పైన ఊరు

నాగార్జునసాగర్‌కు 1955 డిసెంబరు 10న నెహ్రూ శంకుస్థాపన చేశారు. 1967 ఆగస్టు 4న ఇందిరాగాంధీ కాలువలకు నీళ్లు వదిలారు. ఎడమ కాలువ కింద మిర్యాలగూడ, హుజూర్‌నగర్ వరిసీమగా మారాయి. మిర్యాలగూడ బియ్యం మిల్లులకు పేరుపడింది. కాలువ పారకముందు ఆ నేలల విలువ స్థానికులకు అంతగా తెలియదు. తెలిసిన కోస్తా రైతులు వచ్చి కొన్నారు, క్యాంపులు వెలిశాయి. అప్పట్లో చౌకగా అమ్ముకున్న కుటుంబాల పిల్లలు తర్వాత అదే పొలంలో కూలికి వెళ్లిన ఉదంతాలు ఆ ప్రాంతంలో చాలా ఉన్నాయి.

అదే జిల్లాలో కాలువ అందని దేవరకొండ, మునుగోడు, మర్రిగూడ వైపు బోర్లే దిక్కు. రాతినేలలో లోతుకు వెళ్లేకొద్దీ నీటిలో ఫ్లోరైడ్ పెరుగుతుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ పరిమితి లీటరుకు 1.5 మిల్లీగ్రాములు. అంతకు ఎన్నో రెట్లున్న నీళ్లు తాగి ఒక తరం పిల్లలు వంగిపోయిన ఎముకలతో, మచ్చలు పడ్డ పళ్లతో పెరిగారు. ఆ ఊళ్లకు పిల్లనివ్వడానికి బయటివారు వెనకాడేవారు. భూమి విలువ పక్కన పెడదాం, మనిషి విలువే తగ్గించిన నీళ్లవి. దీన్ని దేశం దృష్టికి తేవడానికి 1996 లోక్‌సభ ఎన్నికల్లో జలసాధన సమితి పిలుపుతో నల్గొండ స్థానానికి నామినేషన్లు వెల్లువెత్తాయి. బరిలో 480 మంది నిలిచారు. బ్యాలెట్ పేపరు పుస్తకంలా అచ్చు వేయాల్సి వచ్చింది. ఓటు హక్కుతో ఒక ప్రాంతం ఇంత బాధను ఇంత స్పష్టంగా చెప్పిన సందర్భం నాకు మరొకటి తెలియదు.

పటికతో, సున్నంతో నీటిలోని ఫ్లోరైడ్‌ను తగ్గించే పద్ధతిని నాగపూర్‌లోని నీరి సంస్థ రూపొందించింది. అది ప్రపంచమంతా ‘నల్గొండ టెక్నిక్’గానే తెలుసు. టాంజానియా, కెన్యా, ఇథియోపియాల్లోనూ వాడారు. ఆ తర్వాత నది నీటినే ఇంటికి తెచ్చే మిషన్ భగీరథ వచ్చింది. 2015 జూన్ 8న చౌటుప్పల్‌లో దాని పైలాన్‌ను ఆవిష్కరించారు. 2016 ఆగస్టు 7న గజ్వేల్ దగ్గర కోమటిబండలో ప్రధాని పథకాన్ని ప్రారంభించారు.

పాలమూరు కథ మరో రకం. నది పక్కనే ఉంది, పైకెక్కించాలంటే ఎత్తిపోతలే శరణ్యం. జూరాల, కోయిల్‌సాగర్, భీమా, నెట్టెంపాడు, కల్వకుర్తి పథకాల పేర్లు బిట్లలో తరచూ వస్తాయి. కల్వకుర్తి ఎత్తిపోతల శ్రీశైలం జలాశయం వెనక జలాల నుంచి ఎల్లూరు దగ్గర మొదలై జొన్నలబొగుడ, గుడిపల్లిగట్టు మీదుగా సాగుతుంది. పాలమూరు–రంగారెడ్డి పథకానికి 2015 జూన్ 11న కరివెన దగ్గర శంకుస్థాపన జరిగింది. 2023 సెప్టెంబరు 16న నార్లాపూర్‌లో మొదటి పంపు నడిచింది. అలంపూర్ వైపు రాజోలిబండ మళ్లింపు పథకం కింద 87,500 ఎకరాల ఆయకట్టు కాగితం మీద ఉంది. చివరి భూములకు ఆ నీళ్లు ఏనాడూ సక్రమంగా చేరలేదు. శ్రీశైలం ఎడమగట్టు కాలువ సొరంగం పొడవు 43.93 కిలోమీటర్లు. 2025 ఫిబ్రవరి 22న దోమలపెంట వైపు పైకప్పు కూలి ఎనిమిది మంది కార్మికులు చిక్కుకుపోయారు.

ప్రాజెక్టులు కొందరికి నీళ్లిచ్చి మరికొందరి నుంచి ఊరినే తీసుకున్నాయని మరవకూడదు. శ్రీశైలం జలాశయంలో 1981 ప్రాంతంలో కర్నూలు, మహబూబ్‌నగర్ జిల్లాల్లో సుమారు 100 గ్రామాలు మునిగాయి. కూడలి సంగమేశ్వరాలయాన్ని రాయి రాయి విప్పి అలంపూర్‌కు తరలించి నిలబెట్టారు. ఆ ఊళ్ల మనుషులకు అంత శ్రద్ధ దక్కలేదు. ముంపు కుటుంబానికి ఒక ఉద్యోగం ఇవ్వాలన్న 1986 నాటి 98వ నంబరు జీవో కోసం కొల్లాపూర్ వైపు నిర్వాసితులు దశాబ్దాలుగా తిరుగుతున్నారు. పాత ముంపు గ్రామాల అనుభవమే 2013 భూసేకరణ చట్టానికి పాఠమైంది. గ్రామీణ ప్రాంతంలో మార్కెట్ విలువను ఒకటి నుంచి రెండు రెట్ల వరకు గుణించి, దానిపై 100 శాతం సొలేషియం కలపాలని ఆ చట్టం చెబుతుంది. పునరావాసం హక్కుగా మారింది. ఇక్కడా పరిహారం ముందు పట్టాదారుకే వెళ్తుంది. మోకా మీద ఉన్నా రికార్డులో పేరు లేని రైతు తన సాగును రుజువు చేసుకోవడానికి ఆఫీసుల చుట్టూ తిరగాలి.

వలస: భూమి ఉండీ ఊరు వదలడం

పాలమూరు లేబర్ అనే మాట దేశమంతా తెలుసు. ఆనకట్టలు, రోడ్లు, కాలువలు, సొరంగాలు తవ్విన చేతులవి. గుంపు మేస్త్రీ ముందుగా అడ్వాన్సు ఇస్తాడు. ఆ అప్పు తీరేదాకా కుటుంబం మొత్తం పనికి కట్టుబడి ఉంటుంది. కోస్గి, మద్దూరు, నారాయణపేట వైపు నుంచి ముంబయి, పుణె బాట పట్టినవారు వేలల్లో ఉన్నారు. నల్గొండ చేనేత కుటుంబాలు భీవండి, షోలాపూర్, సూరత్ మగ్గాల వైపు వెళ్లాయి. వీరంతా భూమి లేనివారని అనుకోవద్దు. చాలామందికి రెండు మూడెకరాల చెలక ఉంటుంది. ఆముదం, కంది, పత్తి వేస్తే పెట్టుబడి వస్తుందో రాదో చెప్పలేని నేల. వలస వెళ్లిన ఇంట్లో భూమిని అన్నదమ్ములో, పక్క చేనువారో చూసుకుంటారు. కొన్నేళ్లకు తిరిగివస్తే గెట్టు జరిగి ఉంటుంది. రికార్డులో కూడా పేరు మారి ఉన్న కేసులు తక్కువేం కాదు.

ఉపాధి హామీ 2006 ఫిబ్రవరిలో మొదలైనప్పుడు దేశంలో ఎంపిక చేసిన తొలి 200 జిల్లాల్లో మహబూబ్‌నగర్, నల్గొండ రెండూ ఉన్నాయి. వలసను అది పూర్తిగా ఆపలేదు. అయితే ఊళ్లో ఉండి బతికే అవకాశం ఇచ్చింది, ముఖ్యంగా ఆడవాళ్లకు. బోర్లు, కల్వకుర్తి నీళ్లు, 2018 జనవరి 1 నుంచి సాగుకు 24 గంటల కరెంటు కలిసి పాలమూరులో వరి విస్తీర్ణాన్ని పెంచాయి. తిరుగు వలస మాట అప్పుడే వినపడింది. నేడు నాట్ల సమయంలో బీహార్, బెంగాల్, ఉత్తరప్రదేశ్ నుంచి కూలీలు ఈ జిల్లాలకు వస్తున్నారు. పాలమూరు నుంచి మనుషులు వెళ్లిన దారిలోనే పాలమూరుకు మనుషులు వస్తున్నారు. వారి పిల్లల చదువు, రేషన్, వసతి గురించి మన ఊళ్లు ఇంకా ఆలోచించడం మొదలుపెట్టలేదు. మెయిన్స్‌లో వలస ప్రశ్న వస్తే ఈ కోణం తప్పక రాయండి.

కాగితం: పహాణీ నుంచి భూభారతి దాకా

భూమి రికార్డులకు మూలం 1954–55 ఖాస్రా పహాణీ. తర్వాత 1955–58 సేసల పహాణీ. పహాణీలో పట్టాదారు ఎవరో, అనుభవదారు ఎవరో వేర్వేరు కాలమ్‌లలో ఉండేది. ఈ అనుభవదారు కాలమ్ పేదకు ఆధారం. ఎందుకంటే పల్లెల్లో భూమి చేతులు మారేది తెల్ల కాగితం మీదే. అమ్మినవాడు, కొన్నవాడు, ఇద్దరు సాక్షులు, నలుగురు పెద్దలు. దీన్నే సాదాబైనామా అంటారు. రిజిస్ట్రేషన్ ఖర్చు భరించలేక, మాట మీద నమ్మకంతో తరాల తరబడి ఇలాగే కొన్నారు. అమ్మినవాడి కొడుకు కాలానికి ధర పెరుగుతుంది. తండ్రి మాట కొడుకుకు గుర్తుండదు.

1971 భూమి హక్కుల, పట్టాదారు పాసుపుస్తకాల చట్టంలో సాదాబైనామాలను క్రమబద్ధీకరించే వీలుండేది. 2017లో భూరికార్డుల ప్రక్షాళన జరిగింది. 2020లో కొత్త పాసుపుస్తకాల చట్టం వచ్చింది, గ్రామ రెవెన్యూ అధికారుల వ్యవస్థ రద్దయింది. అక్టోబరు 29న ధరణి పోర్టల్ ప్రారంభమైంది. తహసీల్దారే సంయుక్త సబ్‌రిజిస్ట్రార్ అయ్యాడు. రిజిస్ట్రేషన్, మ్యుటేషన్ ఒకే రోజు పూర్తయ్యేవి. ఇది నిజంగా గొప్ప వెసులుబాటు. పాసుపుస్తకంలో తప్పులేని రైతుకు ధరణి మేలు చేసింది. తప్పు పడ్డవాడి సంగతి వేరు. పేరులో ఒక అక్షరం, విస్తీర్ణంలో రెండు గుంటలు, పొరపాటున నిషేధిత జాబితాలో చేరిన సర్వే నంబరు వంటివి సరిచేసే అధికారం ఊరికి దగ్గరలో ఎవరికీ లేకపోయింది. అప్పీలుకు వ్యవస్థ లేకపోయింది. అనుభవదారు కాలమ్ పోయింది. సాదాబైనామాల దరఖాస్తులు తీసుకున్నా, కొత్త చట్టంలో వాటికి సెక్షన్ లేకపోవడంతో హైకోర్టులో ఆగిపోయాయి. ఒక రైతు చేతిలో కాగితం ఉండి, మోకా మీద పంట ఉండి, కంప్యూటర్‌లో మాత్రం అతను లేడు. ఈ అన్యాయాన్ని నేను చిన్నదిగా చూడలేను.

2025 నాటి 1వ చట్టం భూభారతి. ఆ ఏడాది ఏప్రిల్ 14న పోర్టల్‌ను ప్రారంభించి నాలుగు మండలాల్లో ప్రయోగాత్మకంగా అమలు చేశారు. ఖమ్మం జిల్లా నేలకొండపల్లి, కామారెడ్డి జిల్లా లింగంపేట, ములుగు జిల్లా వెంకటాపూర్, నారాయణపేట జిల్లా మద్దూరు. వలసల మద్దూరు ఈ జాబితాలో ఉండటాన్ని గమనించండి. చట్టంలోని ముఖ్యాంశాలు ఇవి. తహసీల్దారు ఉత్తర్వుపై ఆర్డీవోకు, ఆపై కలెక్టర్‌కు అప్పీలు. తర్వాత భూమి ట్రైబ్యునల్. రిజిస్ట్రేషన్ పత్రానికి భూమి పటం జతచేయడం. కమతానికి భూధార్ సంఖ్య. ఫౌతీ (పట్టాదారు మరణం), విరాసత్ (వారసత్వం) కేసుల్లో వారసులందరికీ నోటీసులిచ్చి విచారణ. 2025 సెప్టెంబరులో గ్రామ పాలన అధికారులకు నియామక పత్రాలిచ్చి ఊరికి మళ్లీ ఒక రెవెన్యూ మనిషిని పంపారు.

ఈ చట్టం కింద సాదాబైనామా క్రమబద్ధీకరణకు షరతులున్నాయి. కొన్నవారు చిన్న, సన్నకారు రైతులై ఉండాలి. కొనుగోలు 2014 జూన్ 2కు ముందు జరిగి ఉండాలి. పన్నెండేళ్లకు పైగా అనుభవంలో ఉండాలి. 2020 అక్టోబరు 12 – నవంబరు 10 మధ్య దరఖాస్తు చేసి ఉండాలి. చివరి షరతు నన్ను కలవరపెడుతుంది. ఆ నెల రోజుల్లో, కరోనా కాలంలో, ముంబయిలో ఉండిపోయిన పాలమూరు కూలీకి ఆ ప్రకటన చేరిందా? చేరని వారికి మరో అవకాశం ఇవ్వడం న్యాయం.

కొనేముందు చూడాల్సిన మరికొన్ని సంగతులున్నాయి. ప్రభుత్వం పేదలకిచ్చిన అసైన్డ్ భూమిని 1977 నాటి 9వ చట్టం ప్రకారం అమ్మకూడదు, కొనకూడదు. కొన్న బయటివారి నుంచి వెనక్కి తీసుకోవచ్చు. రిజిస్ట్రేషన్ చట్టం 22-ఎ కింద నిషేధిత జాబితా చూడాలి. వక్ఫ్, దేవాదాయ, భూదాన భూములు అందులో ఉంటాయి. నల్లమలలో అమ్రాబాద్ వైపు చెంచుల షెడ్యూల్డ్ గ్రామాల్లో గిరిజనేతరులకు భూమి బదిలీ చెల్లదు. 1959 రెగ్యులేషన్‌కు 1970లో వచ్చిన సవరణనే ‘వన్ ఆఫ్ సెవెంటీ’ అంటారు. అడవిలో సాగుచేసుకునే వారి హక్కులకు 2006 అటవీ హక్కుల చట్టం ఆధారం. రిజిస్ట్రేషన్‌కు 2021 జులై నుంచి స్టాంపు డ్యూటీ, బదిలీ సుంకం, రుసుము కలిపి 7.5 శాతం.

ఇల్లు, గ్రామకంఠం

పొలానికి పాసుపుస్తకం ఉంటుంది. ఊరి మధ్య ఇంటికి చాలామందికి అదీ ఉండదు. గ్రామకంఠంలో తాతల నాటి ఇల్లు, ఇంటి పన్ను రసీదు, కరెంటు బిల్లు. వీటిని చూసి బ్యాంకు గృహరుణం ఇవ్వదు. దేశంలో ఈ లోటు తీర్చడానికి 2020 ఏప్రిల్ 24న డ్రోన్లతో ఇళ్లను కొలిచే స్వామిత్వ పథకం మొదలైంది. భూభారతి చట్టంలోనూ ఆబాదీ భూములకు రికార్డు తయారుచేసే ఏర్పాటు ఉంది. అమలు ఎలా జరుగుతుందో అభ్యర్థులు గమనిస్తూ ఉండాలి.

ఇందిరమ్మ ఇళ్ల పథకంలో రూ.5 లక్షలు నాలుగు దశల్లో ఇస్తారు. పునాది, గోడలు, శ్లాబు, పూర్తి నిర్మాణం ఆ దశలు. 2025 ఫిబ్రవరి 21న నారాయణపేట జిల్లా అప్పక్‌పల్లిలో ముఖ్యమంత్రి శంకుస్థాపన చేశారు. జాగా ఉన్నవారికే ముందు వస్తుంది కాబట్టి ఇక్కడ కూడా స్థలం ఎవరి పేరిట ఉందన్న ప్రశ్నే మొదట నిలుస్తుంది.

బాట, వెంచర్లు

విజయవాడ వెళ్లే 65వ జాతీయ రహదారి పక్కన చౌటుప్పల్, బెంగళూరు వెళ్లే 44వ రహదారి పక్కన షాద్‌నగర్, జడ్చర్లలను చూస్తే బాట ప్రభావం తెలుస్తుంది. 2022 మార్చి 28న యాదాద్రి ఆలయం పునఃప్రారంభమయ్యాక చుట్టుపక్కల ఊళ్లలో గజాల లెక్కన బేరాలు సాగాయి. ప్రాంతీయ వలయ రహదారి ఉత్తర భాగం భువనగిరి మీదుగా చౌటుప్పల్ చేరుతుంది. దక్షిణ భాగం చౌటుప్పల్ నుంచి ఆమనగల్లు, షాద్‌నగర్ వైపు వెళ్లాలి. గీత ఎటు కదిలితే అటు ధరలు కదులుతున్నాయి. రోడ్డుకు ఆనుకున్నవాడు లాభపడతాడు, రోడ్డు కింద పోయేవాడు ఆందోళన చేస్తాడు. ఇద్దరూ ఒకే ఊరివారే.

ఎకరం అమ్మి నాలుగైదు రెట్లు విస్తీర్ణం దూరంగా కొన్న రైతులు ఉన్నారు. అమ్మిన డబ్బు పెళ్లిళ్లకు, కార్లకు పోయి కూలీలైన వారూ ఉన్నారు. వ్యవసాయ భూమిని ప్లాట్లు చేయాలంటే 2006 నాలా చట్టం కింద మార్పిడి, లేఅవుట్‌కు అనుమతి తప్పనిసరి. ఈ అనుమతులు లేని ఫామ్‌ప్లాట్లలో చిరుద్యోగులు పెట్టిన పొదుపు ఇరుక్కుపోతోంది. అక్రమ లేఅవుట్ల క్రమబద్ధీకరణకు 2020లో వచ్చిన పథకం ఈ సమస్య ఎంత పెద్దదో చెబుతుంది.

రికార్డుకు బయట ఉన్నవారు: ఆడబిడ్డ, కౌలు రైతు

ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ 1985 సెప్టెంబరు 5 నుంచే కూతురికి ఉమ్మడి ఆస్తిలో కొడుకుతో సమాన హక్కు ఇచ్చింది. కేంద్రం 2005 సెప్టెంబరు 9న అదే పని చేసింది. తండ్రి అప్పటికి బతికి ఉండాలన్న షరతు లేదని 2020 ఆగస్టు 11న వినీతా శర్మ కేసులో సుప్రీంకోర్టు తేల్చింది. ఊళ్లో మాత్రం కట్నం ఇచ్చాం కదా అంటారు. ఫౌతీ సమయంలో సంతకం పెట్టించుకుంటారు. అడిగితే పుట్టిల్లు దూరమవుతుందన్న భయంతో ఆమె పెడుతుంది. చట్టం వచ్చి నలభై ఏళ్లు గడిచినా ఈ భయం తీరలేదు.

కౌలు రైతుదీ అదే స్థితి. 2018 మే 10న మొదలైన రైతుబంధు ఎకరానికి సీజనుకు రూ.4,000తో పట్టాదారుకే వచ్చింది. 2025 జనవరి 26 నుంచి రైతు భరోసాగా ఏడాదికి ఎకరానికి రూ.12,000. రైతు బీమా 2018 ఆగస్టు నుంచి 18–59 ఏళ్ల పట్టాదారు చనిపోతే కుటుంబానికి రూ.5 లక్షలు ఇస్తోంది. అప్పుచేసి పత్తి వేసి, నష్టపోయి ప్రాణం తీసుకున్న కౌలు రైతు కుటుంబానికి ఆ బీమా రాదు. 2011 లైసెన్స్‌డ్ కల్టివేటర్స్ చట్టం రుణ అర్హత కార్డుల మాట చెప్పింది. దాన్ని పక్కన పడేశారు. భూమిలేని కూలీ కుటుంబాలకు ఇందిరమ్మ ఆత్మీయ భరోసా కింద ఏడాదికి రూ.12,000 ప్రకటించారు. దున్నేవాడిని గుర్తించకుండా వ్యవసాయ విధానం రాయడం తప్పని నా నిశ్చితాభిప్రాయం.

బయటివారు కొనవచ్చా: ఇండోనేషియాతో పోలిక

అమెరికాలో స్థిరపడిన నల్గొండ యువకుడు సొంతూళ్లో అయిదెకరాలు కొనాలనుకుంటాడు. ప్రవాస భారతీయులు, ఓసీఐ కార్డుదారులు వ్యవసాయ భూమి, ఫామ్‌హౌస్, తోటలు కొనడానికి ఫెమా నిబంధనలు ఒప్పుకోవు. వారసత్వంగా పొందవచ్చు. ఇల్లు, ఇంటి స్థలం, వాణిజ్య ఆస్తి కొనవచ్చు.

బయటివారికి ఇలాంటి అడ్డే ఇండోనేషియాలోనూ ఉంది. అక్కడ 1960 వ్యవసాయ భూమి మౌలిక చట్టం పూర్తి యాజమాన్యాన్ని, అంటే హక్ మిలిక్‌ను, ఆ దేశ పౌరులకే పరిమితం చేసింది. విదేశీయులకు కాలపరిమితి ఉన్న వాడుక హక్కు మాత్రమే. అక్కడి పల్లెల్లోనూ పాత పన్ను కాగితాలతో చేతులు మారిన భూములు ఎన్నో. వాటిని ఊరు ఊరంతా ఒకేసారి కొలిచి పట్టాలిచ్చే కార్యక్రమం 2017లో వేగం అందుకుంది. 2014 గ్రామ చట్టంతో ప్రతి గ్రామానికి కేంద్ర బడ్జెట్ నుంచి నేరుగా నిధులు వెళ్తున్నాయి. మన 2018 పంచాయతీరాజ్ చట్టం తండాలను, గూడేలను పంచాయతీలు చేసింది. అధికారం ఊరికి వచ్చింది, నిధులకు ఇంకా ఎదురుచూడాల్సి వస్తోంది. ఊరంతా ఒకేసారి కొలవడం మనం నేర్చుకోదగ్గ పద్ధతి. ఒక్కో రైతు ఒక్కో దరఖాస్తుతో తిరిగితే గెట్లు ఎప్పటికీ తేలవు.

పరీక్షలో ఎలా అడగొచ్చు

బిట్లలో తేదీలు, సెక్షన్లు, ఎత్తిపోతల వరుస, భూభారతి ప్రయోగాత్మక మండలాలు అడుగుతారు. 38-ఇ, 22-ఎ, వన్ ఆఫ్ సెవెంటీ, 9/77 తారుమారు చేసి జతపరచమంటారు. మెయిన్స్‌కు ఇలాంటి ప్రశ్నలు సాధన చేయండి: ‘దక్షిణ తెలంగాణలో సాగునీరు పెరిగినా వలస ఎందుకు పూర్తిగా ఆగలేదు?’, ‘ధరణి నుంచి భూభారతికి మార్పు సన్నకారు రైతు కోణంలో పరిశీలించండి’, ‘ముంపు, రహదారి భూసేకరణల్లో రికార్డులేని సాగుదారు స్థితి’. జవాబులో కనీసం ఒక ఊరి పేరు, ఒక చట్టం, ఒక సంవత్సరం ఉండేలా చూసుకోండి. పథకాన్ని పొగిడి వదిలేయకుండా, దాని బయట మిగిలిపోయింది ఎవరో ఒక వాక్యంలో రాయండి.

మీరు పల్లె నుంచి వచ్చినవారైతే ఈసారి ఇంటికి వెళ్లినప్పుడు మీ కుటుంబ భూమి వివరాలు భూభారతిలో తెరిచి చూడండి. సర్వే నంబరు, విస్తీర్ణం, పేరు పాసుపుస్తకంతో సరిపోతున్నాయో లేదో చూడండి. అమ్మ పేరు, అక్కాచెల్లెళ్ల వాటా ఎక్కడున్నాయో అడగండి. ముంబయికో పుణెకో వెళ్లిన పక్కింటివారి సర్వే నంబరు కూడా ఒకసారి చూసి, తప్పుంటే వారికి ఫోన్ చేసి చెప్పండి.